నవల చదువుతూ స్వెట్టర్ అల్లుకోవడానికి వ్యాసపీఠం: ఆరు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, పుస్తకం తెరిచి పెట్టుకునే ఈ మడత చెక్క పీఠం, అదే వ్యాసపీఠం, నేను కొన్నది పారాయణం కోసం కాదు. ఊలు అల్లుకుంటూ పుస్తకం చదవాలని నాకో పిచ్చి. చిక్కేమిటంటే రెండు చేతులూ సూదుల దగ్గరే ఉంటాయి, మరి పుస్తకాన్ని ఎవరు పట్టుకోవాలి? దిండుకి ఆనించి చూశా, జారిపోయింది. పేజీ మీద అప్పడాల కర్ర పెట్టి చూశా, సరిగ్గా చదవాల్సిన లైన్ల మీదికే దొర్లేది. ఆడియో పుస్తకాలు వినమని మా అమ్మాయి సలహా ఇచ్చింది. విన్నా, బాగానే ఉన్నాయి, కానీ నాకు నచ్చిన వాక్యం దగ్గర ఆగి రెండోసారి చదువుకోవడం అలవాటు, వినేటప్పుడు అది కుదరదు.

ఆ తర్వాత ఆన్‌లైన్లో ఇనుప స్టాండ్ ఒకటి తెప్పించా, 1,150 రూపాయలు. కంపెనీ పేరు ఎందుకులెండి. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంది. అట్ట వెనక ఒక ఊచ, పేజీలు నొక్కిపట్టడానికి ముందు రెండు చిన్న స్ప్రింగు కొక్కేలు. పేజీ తిప్పాలంటే ఆ రెండు కొక్కేలూ ఎత్తాలి, తిప్పాలి, మళ్లీ పెట్టాలి. అంటే ప్రతి పేజీకీ సూదులు కింద పెట్టాల్సిందే. మూడో వారంలో ఒక స్ప్రింగు ఎగిరి సోఫా కిందికి పోయింది, ఇంతవరకూ దొరకలేదు. వాపసు గడువు అప్పటికే అయిపోయింది. ఇప్పుడది వంటింట్లో నా ఫోన్‌కి కాపలా కాస్తోంది.

వ్యాసపీఠం ఐడియా పూజా సామాన్ల దుకాణంలో, వత్తుల కోసం వెళ్లినప్పుడు వచ్చింది. పై అరలో వరసగా పెట్టి ఉన్నాయి. దించమంటే, "పారాయణానికా అమ్మా?" అన్నాడాయన. "కాదండీ, ఊలు అల్లుకుంటూ నవలలు చదవడానికి" అన్నా. ఒక్క క్షణం నా మొహం చూసి, "అయితే పన్నెండంగుళాలది తీసుకోండి, నవలలు లావుగా ఉంటాయిగా" అన్నాడు. ఆరు నెలల్లో నాకు దొరికిన మంచి సలహాల్లో అదొకటి. 480 రూపాయలు తీసుకున్నాడు.

వస్తువు సంగతికొస్తే, ఇది ఒకే చెక్క పలక. దాన్ని మందంలో రెండుగా చీల్చి, నడుమ పళ్లు పళ్లుగా కోసి ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా చేస్తారు, అందుకే తెరిస్తే కత్తెరలా విడిపోయి నిలబడుతుంది, మూస్తే మళ్లీ పలకే. మేకు లేదు, బందు లేదు, స్ప్రింగు అసలే లేదు, కాబట్టి ఊడిపోయేదేమీ లేదు. ఇదే పనితనం పాతబస్తీలో ఖురాన్ పెట్టుకునే రెహల్‌లోనూ కనిపిస్తుంది, చెక్కిన పూలూ లతలే వేరు. నాది షీషమ్ కర్ర అన్నాడు దుకాణదారుడు. చేత్తో ఎత్తితే బరువు తెలుస్తోంది కనుక నమ్మాను.

వాడాక తెలిసిన అసలు లాభం వేరే ఉంది. ఈ మధ్య వచ్చే తెలుగు పుస్తకాల్లో చాలావాటికి గమ్ బైండింగే. బల్ల మీద పూర్తిగా పరిస్తే వెన్ను పటక్కున విరుగుతుంది, రెండు నెలల్లో కాగితాలు విడివిడిగా చేతికొస్తాయి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు నయం, దారంతో కుట్టినవి, ఎలా పెట్టినా పడుంటాయి. వ్యాసపీఠం పుస్తకాన్ని పూర్తిగా పరవదు, దోసిట్లో పట్టినట్టు సగం తెరిచి పట్టుకుంటుంది. 500 పేజీల గమ్ బైండింగ్ నవల మొదటి నుంచి చివరిదాకా దీని మీదే చదివా, వెన్ను మీద ఒక్క గీత పడలేదు. ఇనుప స్టాండ్ మీద పెట్టిన పుస్తకానికి మాత్రం నడుం విరిగింది.

అయితే ఫ్యాన్ ఉందే, అదొక శత్రువు. మూడు మీద పెడితే చాలు, 40వ పేజీలో ఉన్నదాన్ని 90కి తీసుకుపోతుంది. దీనికి నేనే ఒక ఉపాయం చేసుకున్నా. మిగిలిపోయిన కాటన్ దారంతో 14 కుట్లు ఎక్కించి మూరెడు పొడవు పట్టీ అల్లి, నిలువునా మడిచి అంచులు కుట్టి, కడిగి ఎండబెట్టిన చింతగింజలు నింపా. అలాంటివి రెండు. ఎడమ పేజీ మీదొకటి, కుడి పేజీ మీదొకటి పాములా వేలాడేస్తే పుస్తకం కదలదు. పేజీ తిప్పాలంటే మోచేత్తో కూడా పట్టీని పక్కకి నెట్టొచ్చు. గింజలు మరీ బిగించి నింపకండి, సగం ఖాళీ ఉంటేనే వంగి పేజీ మీద చక్కగా కూర్చుంటుంది.

ఏం అల్లుతూ చదవొచ్చు అనేది ఇంకో పెద్ద సంగతి. మా పిన్నిది నరసాపురం. 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన లేసు అల్లిక అక్కడిదే. పిన్ని ఒక్క కొక్కెం సూదితో లేసు అల్లుతూ ఊళ్లో కబుర్లన్నీ చెప్పగలదు గానీ పుస్తకం మాత్రం చదవలేదు, ఎందుకంటే లేసులో కొక్కెం ఎక్కడ దూర్చాలో ప్రతిసారీ కళ్లతో చూసుకోవాలి. ఊలు అలా కాదు. కుట్లన్నీ సూది మీదే వరసగా కూర్చుని ఉంటాయి, వేలికి తగులుతుంటాయి. నేను సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు పక్కింటి పంజాబీ ఆంటీ దగ్గర నేర్చుకున్నా, అందుకే ఇప్పటికీ నా నోట సీదా (తిన్న కుట్టు), ఉల్టా (తిరగ కుట్టు) అనే మాటలే వస్తాయి. అన్ని వరుసలూ సీదాగా పోయే మఫ్లరైతే చదువుకి భేషుగ్గా కుదురుతుంది. జడలు, చిల్లుల డిజైన్లు అయితే పుస్తకం మూసేయండి. ఒకసారి నవల్లో ఉత్కంఠ పట్టలేక దారం ఎంత బిగించానో, మఫ్లర్ మధ్యలో నాలుగంగుళాల మేర నడుం సన్నబడింది. ఏ అధ్యాయం దగ్గరో ఇప్పటికీ చూపించగలను.

సూదుల విషయంలో పొడుగు అల్యూమినియంవి వద్దు. వాటి తలలు పీఠానికి ఠంగుఠంగుమని కొట్టుకుంటాయి. తాడుతో కలిపిన సర్క్యులర్ సూదులు, వెదురువైతే మరీ మంచిది, బరువంతా ఒళ్లోనే ఉంటుంది. కొనేటప్పుడు నంబరు కాదు, మిల్లీమీటర్లు చూడండి. మన దుకాణాల్లో పాత బ్రిటిష్ నంబర్లు నడుస్తుంటాయి, వాటి ప్రకారం 8 అంటే 4 మి.మీ. అమెరికా వాళ్ల లెక్కలో 8 అంటే 5 మి.మీ. ఇది తెలియక అక్కడి ప్యాటర్న్ చూసి, ఇక్కడి 8 నంబరు సూదులతో మా చెల్లెలి కొడుక్కి స్వెట్టర్ అల్లా. ఏడాది పిల్లాడికని మొదలుపెట్టింది చివరికి వాడి ఎలుగుబంటి బొమ్మకి సరిపోయింది.

ఇక లోపాలు. ఒకటి, ఇది నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చునేవాళ్ల కోసం చేసిన ఎత్తు. సోఫాలో కూర్చుంటే మెడ లాగేస్తుంది. నేను టీపాయ్ మీద పీట వేసి, దాని మీద పెట్టుకుంటున్నా. రెండు, కొత్తలో పాలిష్ అంటుకుంది. మీగడ రంగు ఊలు ఉండ దాని పక్కన పెడితే రాత్రికి రాత్రి గోధుమ రంగు మరక. దుకాణదారుడు "తడిగుడ్డతో తుడవండి, పోతుంది" అన్నాడు. పీఠానికి పోయింది, ఊలుకి పోలేదు. మొదటి వారం తుడిచి, ఎండ తగలకుండా గాలికి ఆరబెట్టాకే వాడండి. మూడు, మూసేటప్పుడు ఆ పళ్ల మధ్య వేలు పడితే చుక్కలు కనిపిస్తాయి. చిన్నపిల్లలుంటే అటక మీదే దాని చోటు.

పది అంగుళాలది కూడా ఒకటి మా వదిన తెచ్చుకుంది, చవకని. సన్నటి కవితా పుస్తకాలకి సరే, లావు పుస్తకం పెడితే వెనక్కి వాలుతుంది. వంద రూపాయలకి చూసుకోకండి.

మా అత్తయ్య మొదట్లో చాలా నొచ్చుకున్నారు. "వ్యాసపీఠం మీద నవలలేమిటమ్మా" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే లేచి చూస్తే నా నవల కిటికీలో ఉంది, పీఠం మీద ఆవిడ భాగవతం, పేజీల మీద నా చింతగింజల పట్టీలు. ఇప్పుడు పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా అది ఆవిడది, మధ్యాహ్నం భోజనాలయ్యాక నాది. ఆదివారాలు మాత్రం గొడవే. అందుకే దుకాణంలో ఇంకోటి కావాలని చెప్పి వచ్చా, ఈసారి పద్నాలుగు అంగుళాలది, పాలిష్ వెయ్యకుండా ఇమ్మని.