హన్మకొండ, వరంగల్‌లో పాత డీజిల్ కారు కొంటున్నారా? ముందు ట్యాంకు మూత తీసి చూడండి

వరంగల్, హన్మకొండ, కాజీపేట వైపు సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి వెతుకుతున్నవాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. హన్మకొండలో ఒక కార్ కన్సల్టెన్సీలో 2012 మోడల్ డీజిల్ కారు తీసుకున్నాను. ఇంజిన్ సౌండ్ బాగుంది, ఆర్సీ క్లియర్, కింద నల్లగా నిగనిగలాడే కొత్త కోటింగ్. ఊళ్ళో తిరిగినన్నాళ్ళు ఏ ఇబ్బందీ లేదు. ట్యాంకు నింపి హైదరాబాద్ రోడ్డెక్కితే మాత్రం స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పికప్ పడిపోయేది, రఘునాథపల్లి వచ్చేసరికి ఆగిపోయేది. కాసేపు పక్కన పెట్టి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అయ్యేది.

నడుస్తున్న బండిలో ఇంజిన్ ఆగిందంటే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. బ్రేకు రెండు మూడు సార్లు తొక్కాక రాయిలా గట్టిపడుతుంది. వెనక లారీలు తరుముకొస్తుంటే, పిల్లలు సీట్లో ఉండగా ఇలా జరిగితే ఏం కావాలి? అమ్మినవాళ్ళ మీద నా కోపమంతా అందుకే.

మొదట చూపించిన గ్యారేజీలో డీజిల్ ఫిల్టర్ మార్చారు. తర్వాత ఫిల్టర్ దగ్గర బుడగలు చూసి డీజిల్ లైనులో ఎయిర్ పట్టిందన్నారు. చివరికి డీజిల్ పంపు పోయింది, పంపులు బాగుచేసే ల్యాబుకు పంపాలి, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్‌తో కలిపి 40 వేల పైమాటే అన్నారు. పంపు విప్పనివ్వకుండా బండిని ములుగు రోడ్డులో ట్రాక్టర్లు, పాత జీపులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తోలుకెళ్ళాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు: "ఆగినప్పుడు మూత తీసి చూసినవా బిడ్డా?"

ట్యాంకు నింపి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. బండి గుంజడం మానేయగానే ఆపి మూత తిప్పాడు. ఉస్స్‌మని గాలి లోపలికి పోతూనే ఉంది, ఎంతసేపటికీ ఆగదు. మధ్యలో నా అరచెయ్యి అడ్డం పెట్టమన్నాడు. చర్మాన్ని లోపలికి పీల్చుకుంది. ఆ తర్వాత మూత వదులుగా పెట్టి నడిపితే బండి ఎక్కడా తడబడలేదు. "పంపుకేం కాలే. ట్యాంకుకు గాలి ఆడ్తలేదు" అన్నాడు.

నూనె డబ్బాకు ఒకే బొక్క పెట్టి వంచితే నూనె ఆగి ఆగి వస్తుంది, రెండోవైపు ఇంకో బొక్క పెడితే ధారగా పడుతుంది. ట్యాంకు సంగతీ అంతే. ఇంజిన్ తాగిన డీజిల్ ఎంతో, అంత గాలి లోపలికి రావాలి. అది వచ్చే దారి ట్యాంకు నెత్తి మీది నుంచి పోయే సన్నటి బ్రీదర్ పైపు. అది మూసుకుపోతే లోపల వాక్యూమ్ పెరిగి, పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. పైపు జాయింట్లలో ఎక్కడ కాస్త వదులున్నా అక్కడి నుంచి గాలి పీలుస్తుంది. గ్యారేజీవాళ్ళకు ఫిల్టర్ దగ్గర బుడగలు కనిపించింది దానివల్లే.

అమ్మేవాళ్ళు దీన్ని ఎలా దాస్తారో ఇక్కడే ఉంది. ట్యాంకులో డీజిల్ తక్కువుంటే పైన ఖాళీ ఎక్కువ. 30 లీటర్ల ఖాళీలో ఒక లీటరు తగ్గినా పెద్ద తేడా రాదు. నిండా పోస్తే పైన మిగిలేది మూడు నాలుగు లీటర్ల చోటే, అందులో ఒక్క లీటరు తగ్గేసరికే లోపలి ప్రెషర్ బాగా పడిపోతుంది. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే బండి రెండు లీటర్లు తాగేలోపే ఘన్‌పూర్ వస్తుంది. రిజర్వులో ఉన్న బండిని నయీంనగర్ దాకా తిప్పి తెస్తే ఈ జబ్బు జన్మలో బయటపడదు.

ఇంకో మోసం మూతలో ఉంది. కొన్నప్పుడు దాని లోపల రబ్బరు రింగు లేదు, డీజిల్ చిమ్మి బాడీ మీద మరక పడేది. ఆటోనగర్‌లో కొత్త మూత కొని పెట్టిన తర్వాతే ఈ గోల మొదలైంది. పాత మూతను వెలుతురులో పట్టి చూస్తే గాడిలో రబ్బరు ముక్క ఇంకా అతుక్కునే ఉంది, బ్లేడుతో కోసిన అంచు తిన్నగా కనిపిస్తోంది. రబ్బరు లేకపోతే మూత సందులోంచే గాలి లోపలికి పోతుంది, బ్రీదర్ మూసుకున్న సంగతి బయటపడదు. జబ్బు తెలిసినవాడు చేసిన పని అది.

ట్యాంకు దింపాక అసలు విషయం తేలింది. బ్రీదర్ పైపు కొస మీద ఆ నల్ల కోటింగే గడ్డకట్టి ఉంది. పైపు కోస్తే లోపల మెత్తటి ఒండ్రు మట్టి. ట్యాంకు నెత్తి మీద కూడా అదే మట్టి పొరగా పేరుకుంది. చక్రాలు చిమ్మిన బురద అక్కడ అంత సమంగా పరుచుకోదు. ఈ బండి నీళ్ళలో నిలబడిందని పెద్దాయన మాట, నాదీ అదే మాట. 2023 జూలై వరదల్లో మన కాలనీల్లో ఎన్ని బండ్లు మునిగాయో అందరం చూశాం కదా. వరద బండి అయితే అయింది, చెప్పి అమ్మాలి. కోటింగ్ కొట్టి కప్పెట్టడం ఘోరం.

పైపు ఖరీదు కొన్ని వందలే, ట్యాంకు దింపి ఎక్కించిన కూలీయే ఎక్కువ. ట్యాంకు పైనున్న వాల్వు కూడా కడిగించాను. ఇప్పుడు మూత బిగించి నిండు ట్యాంకుతో హైదరాబాద్ పోయొచ్చినా బండి ఆగలేదు. పైపును ఊదాలంటే మాత్రం ట్యాంకు నుంచి విడదీసి ఊదించండి. కంప్రెసర్ గాలి నేరుగా ట్యాంకులోకి కొడితే ప్లాస్టిక్ ట్యాంకు ఉబ్బి పగులుతుంది. వాక్యూమ్‌కు ట్యాంకు అడుగుభాగం లోపలికి నొక్కుకుపోయిందేమో కూడా చూడండి, అలా అయితే డీజిల్ గేజ్ తప్పు చూపిస్తుంది. మూత వదులు చేసినా బండి గుంజకపోతే అప్పుడు ఫిల్టర్, ట్యాంకులోని జాలీ, ఆ తర్వాతే పంపు. బంకులో నాజిల్ మాటిమాటికీ కట్ అవుతుంటే అది వేరే సమస్య, డీజిల్ పోసే గొట్టం పక్కన గాలి బయటికొచ్చే పైపుది.

బండి చూడ్డానికి పోతే మీ డబ్బుతోనైనా సరే ట్యాంకు నింపించి, మూత గట్టిగా బిగించి, జనగామ దాకానో హుజూరాబాద్ దాకానో తోలండి. ఆపగానే మూత తీసి చెవి పెట్టండి. ఒప్పుకోకపోతే వదిలేయండి. వరదలో మునగలేదని కాగితం మీద రాయించుకోండి. నా దగ్గర ఆ కాగితం లేకపోయినా కోసిన మూత, మట్టి పైపు, ఫొటోలు ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. కన్సల్టెన్సీవాళ్ళు దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను, దానికి రెండేళ్ళ గడువుంది. మీరు కొన్న బండికీ మూతలో రబ్బరు లేకపోతే ఫొటో పెట్టండి, నా దానితో పోల్చి చూద్దాం.