పిపెట్ల సర్వీసింగ్: నాచారం వాళ్ల చేత చేయించాక నా అనుభవం

ల్యాబుల్లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు ఎవరైనా చదువుతారనే ఇది రాస్తున్నా. రిజల్ట్స్ కుదరక, చెయ్యి మీద నమ్మకం పోయి, రాత్రి పదింటికి ల్యాబులో ఒక్కరే కూర్చుని ఉంటే, ముందు మీ పిపెట్ (కొలిచినంత ద్రవాన్ని తీసి వేసే చేతి పరికరం) మీద స్టిక్కర్ చూడండి. మేము వాడే పీ20 (20 మైక్రోలీటర్ల దాకా తీసే పిపెట్, మైక్రోలీటర్ అంటే మిల్లీలీటర్లో వెయ్యో వంతు) మీద చివరి కాలిబ్రేషన్, అంటే కొలత సరిచూసింది, 2021 అని ఉంది. నేను దాన్ని పట్టి చూసింది 2024లో.

నాది షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల రక్తంలో కొన్ని జీన్లు ఎంత పనిచేస్తున్నాయో చూసే ప్రాజెక్టు. 46 మంది పేషెంట్ల శాంపిళ్లు. ఎథిక్స్ కమిటీ అనుమతికే నెలలు పట్టింది, ఆ తర్వాత ఓపీ దగ్గర పొద్దున్నే నిలబడి ఒక్కొక్కరికీ వివరించి సంతకం తీసుకోవాలి. ఒకావిడ చెయ్యి చాపుతూ "దీంతో నాకేమైనా తగ్గుతుందా అమ్మా" అని అడిగారు. "మీకు కాదమ్మా, మీ తర్వాత వచ్చేవాళ్లకి" అన్నాను. "సరే తీసుకో" అన్నారు. ఆవిడ ఇచ్చింది రెండున్నర మిల్లీలీటర్ల రక్తం, అందులోంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ (జీన్ పనిచేసినప్పుడు తయారయ్యే అణువు, మేము కొలిచేది దాన్నే) ఎంతో ఉండదు, పాడుచేస్తే మళ్లీ దొరకదు.

క్యూపీసీఆర్‌లో, అంటే జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్షలో, ఒకే శాంపిల్‌ని పక్కపక్కనే మూడు గుంటల్లో వేస్తాం, మూడింటికీ సీటీ వాల్యూలు (ఎన్నో సైకిల్‌కి సిగ్నల్ కనిపించిందో చెప్పే అంకెలు) దాదాపు ఒకటే రావాలి. నాకు 24.1, 24.5, 24.9 ఇలా వచ్చేవి. సీటీలో 1 తేడా ఉందంటే అసలు పదార్థంలో రెండింతలు తేడా ఉన్నట్టు, కాబట్టి ఈ అంకెలతో ఏమీ చెప్పలేం. నాలుగు నెలలు ఇదే. చెయ్యి ఇంకా కుదరలేదు, ప్రాక్టీస్ చెయ్యమన్నారు మా గైడ్. రంగు నీళ్లతో ప్రాక్టీస్ చేశాను. ప్రైమర్లు (కావాల్సిన జీన్‌ని పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) మార్చాను, కిట్ మార్చాను. ఈలోగా 11 మంది శాంపిళ్ల మీద పరీక్షలు చేసేశాను. ఆ నాలుగు నెలల్లో ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాలన్నా భయంగా ఉండేది, ఎంతవరకు వచ్చిందని అడుగుతారని.

పక్క ల్యాబు సీనియర్ అక్క ఒకరోజు నా పిపెట్ తీసుకుని, టిప్‌లో (పిపెట్ చివర తగిలించే ప్లాస్టిక్ మొన) నీళ్లు నింపి, నిటారుగా పట్టుకుని ఇరవై సెకన్లు కదలకుండా ఉంచింది. టిప్ చివర చిన్న బొట్టు ఊరింది. "ఇది కారుతోందే" అంది. నాచారంలో ఒక చిన్న సంస్థ నంబరు కూడా తనే ఇచ్చింది.

ఫోన్ చేస్తే కనీసం పది పిపెట్లుంటేనే ల్యాబుకొస్తామన్నారు. మా ల్యాబువి, అక్కవాళ్లవి కలిపి 14 చేశాం. వచ్చినాయన యాభై దాటిన మనిషి. తెచ్చిన తూకం యంత్రం బల్ల మీద పెట్టి, ఏసీ గాలి తగులుతోందని ఏసీ ఆపించి, ముందురోజు రాత్రే గదిలో పెట్టి ఉంచమన్న నీళ్లకి థర్మామీటర్ పెట్టి చూసి, అప్పుడుగానీ పని మొదలుపెట్టలేదు. పద్ధతి తేలికే, తీసిన నీళ్లని తూకం వేస్తారు. ఒక మైక్రోలీటర్ నీళ్లు దాదాపు ఒక మిల్లీగ్రాము, ఉష్ణోగ్రతని బట్టి కొంచెం సర్దుబాటు. ఒక్కో పరిమాణానికి పదేసి రీడింగులు.

నా పీ20ని 2 మైక్రోలీటర్ల దగ్గర పెట్టి తీస్తే పది రీడింగుల్లో ఒక్కటీ 2 రాలేదు, 1.1 నుంచి 1.9 దాకా తిరిగాయి. ఆయన పక్కన నిలబడి ఆ అంకెలు చూస్తుంటే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. తప్పు నా చేతిది కాదు.

తర్వాత దాన్ని విప్పి పిస్టన్ బయటికి లాగి తెల్ల టిష్యూ మీద పెట్టారు. దాని చుట్టూ గోధుమరంగు మరక. సీల్ అయితే పాత కుక్కర్ గాస్కెట్‌లా గట్టిపడిపోయి, గోటితో నొక్కగానే చిట్లింది. టిప్‌లో ద్రవం ఉండగానే బల్ల మీద పడుకోబెడితే లోపలికి పోయి ఇలాగే అవుతుందట. పీ200లో ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే గుండ్రటి రబ్బరు) ఉబ్బి ఉంది, అది ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడు వాడే క్లోరోఫామ్ పని. 1957లో జర్మనీలోని మార్బుర్గ్‌లో హైన్రిష్ ష్నిట్గర్ తయారుచేసిన పిస్టన్, స్ప్రింగు ఏర్పాటే ఇప్పటికీ మన చేతుల్లో ఉంది, అందుకని చెడేవి కూడా ఎప్పుడూ ఆ రెండు మూడు భాగాలేనని చెప్పారు.

ఇంకో మాట చెప్పారు, నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పనిది. పిపెట్లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8655 ప్రకారం పీ20కి ఒప్పుకునే తేడా 0.2 మైక్రోలీటర్లు. 20 తీసేటప్పుడు అది ఒక్క శాతమే. కానీ 2 తీసేటప్పుడూ అదే 0.2 ఒప్పుకుంటారు, అంటే పది శాతం! కాబట్టి మంచి పీ20 అయినా 2కి వాడకండి, చిన్న పిపెట్ తీసుకోండి. ఇది సర్వీసుకొచ్చిన మనిషి బాధ్యత కాదు, అయినా పావుగంట నిలబడి చెప్పారు.

ఖర్చు ఒక్కోదానికి 550, సీళ్లు, ఓ-రింగులు వేరు, జీఎస్టీతో కలిపి 12 వేలకి కాస్త లోపు అయింది, రెండు ల్యాబులు పంచుకున్నాం. సీఎస్ఐఆర్ ఫెలోషిప్ ఉన్నవాళ్లకి ఏడాదికి వచ్చే 20 వేల కంటిన్జెన్సీలోంచి (పరిశోధన ఖర్చులకిచ్చే డబ్బు) పెట్టుకోవచ్చు, మేమూ అలాగే పెట్టాం. మా బ్రాండులో కొత్త పిపెట్ ఒక్కటే అంతకంటే ఎక్కువ.

నచ్చనివీ ఉన్నాయి. 10 మైక్రోలీటర్ల లోపు పిపెట్లకి ఇంకా సున్నితమైన తూకం కావాలని వాళ్ల దగ్గరికే తీసుకెళ్లారు, రెండు రోజులని చెప్పి అయిదు రోజులు చేశారు. ఆ అయిదు రోజులూ పక్క ల్యాబుల్లో అడుక్కోవాల్సి వచ్చింది. సర్టిఫికెట్ తొమ్మిది రోజులకి గానీ రాలేదు, అదీ నేను మూడుసార్లు ఫోన్ చేశాక. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. అయిదుకి నాలుగు.

మీరు ఎవరి చేత చేయించినా రిపేర్‌కి ముందు రీడింగులు కూడా రాసిమ్మని తప్పకుండా అడగండి. చాలామంది బాగుచేశాక వచ్చిన అంకెలే ఇస్తారు. ముందువి ఉంటేనే పాత డేటాలో ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలుస్తుంది. నేను ఆ కాగితం తీసుకెళ్లి గైడ్ ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "11 శాంపిళ్లలో ఆర్‌ఎన్‌ఏ ఏమైనా మిగిలిందా" అని మాత్రం అడిగారు.

ఏడింటిలో మిగిలింది. నాలుగింటిలో లేదు. ఓపీలో నన్ను ఆ మాట అడిగిన ఆవిడది మిగిలినవాటిలో ఉంది. పోయిన మంగళవారం మళ్లీ చేశాను, 24.3, 24.3, 24.4.