సెకండ్ హ్యాండ్ కారు: కొన్న వెంటనే అన్నీ మార్చాలా, చూసి మార్చాలా?

సర్వీసు బిల్లులు లేని కారు కొంటే రెండు దారులు. ఒకటి, స్పార్క్ ప్లగ్గులు (ఇంజన్‌లో పెట్రోలును అంటించే నిప్పురవ్వ ఇచ్చేవి), ఆయిళ్లు అన్నీ ఒకేసారి మార్పించేయడం. ఖర్చు ఎక్కువే, కానీ ఆ రోజు నుంచి లెక్క మన చేతిలో ఉంటుంది. రెండోది, చూసి అవసరమైనవే మార్చడం.

ఇంజన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ విషయంలో నేనైతే మొదటి దారే పట్టమంటాను. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. నీరు చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మన విశాఖలో సముద్రపు తేమకు కొదవేముంది? సింహాచలం ఘాట్ దిగుతూ పదేపదే బ్రేక్ తొక్కినప్పుడు ఆయిల్ కాగి ఆవిరి బుడగలు కడితే, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. పిల్లల్ని ఎక్కించుకుని కొండకు వెళ్లే కారు అది! మామూలుగా రెండేళ్లకోసారి మారుస్తారు. బిల్లు లేకపోతే రెండేళ్లు దాటిందనే అనుకోండి.

ప్లగ్గులకు మాత్రం రెండో దారి చాలు. ఇంజన్ చల్లారాక విప్పించి చూడండి. కొన లేత గోధుమ రంగులో ఉండి, గ్యాప్ (కొన దగ్గర నిప్పురవ్వ దూకే సందు) సరిగ్గా ఉంటే మళ్లీ బిగించుకోవచ్చు. మామూలు నికెల్ ప్లగ్గులు సుమారు 30,000 నుంచి 40,000 కిలోమీటర్లు, ఇరీడియంవి లక్ష దాకా కూడా వస్తాయి. ఆయిల్ తడి కనిపిస్తే కొత్తవి వేసి ఊరుకోకండి, కారణం వెతికించండి.

కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తుప్పు రంగుకు తిరిగితే ఆగొద్దు, మార్పించేయండి. గేర్ ఆయిల్‌కు కారు మాన్యువల్‌లో ఉన్న లెక్కే సరి.