పొమ్మనలేక పొగబెట్టే కాఫీ షాపు, బోర్డు పెట్టిన కాఫీ షాపు

ఈ రివ్యూలో కాఫీ రుచి గురించి ఎక్కువ ఉండదు. రెండు చోట్లా కాఫీ బాగానే ఉంటుంది, ఆ మాట ఇక్కడితో సరి. కప్పు ఖాళీ అయ్యాక కూడా కుర్చీలోనే ఉన్న మనిషిని ఏ షాపు ఎలా చూస్తుందన్నది నాకు ముఖ్యం.

నా పని గురించి చెబితే గానీ ఇదంతా ఎందుకు పట్టించుకుంటున్నానో అర్థం కాదు. ఓడల మీద వచ్చే సరుకు తడిసినా, పగిలినా, దారిలో మాయమైనా పెట్టే ఇన్సూరెన్స్ క్లెయిములు పరిశీలిస్తాను. నష్టం చూసి రాసే సర్వేయర్ రిపోర్టు, ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కించుకున్నట్టు ఇచ్చే రసీదు), పాలసీ షరతులు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. నోటితో పెద్దగా పనిలేదు, కళ్లతోనే అంతా. ఆఫీసువాళ్లు ఎప్పుడో ఇంటి నుంచే చేసుకోమన్నారు. ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి మిగతావాళ్లందరికీ ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకని మధ్యాహ్నం కాగానే బ్యాగు తీసుకుని బయటపడతాను. లాప్‌టాప్ పాతది, బ్యాటరీ గంటకి మించి నిలబడదు. ఏ షాపులో అడుగుపెట్టినా ముందు గోడల కింద ప్లగ్ పాయింట్ వెతుక్కుని ఆ తర్వాతే మెనూ చూస్తాను.

మొదటి షాపు పేరు చెప్పను. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పెద్ద అద్దాలు, మంచి వెలుతురు, గోడకి ఆనుకుని మెత్తటి సోఫాలు. ఫోటోల్లో అయితే లాప్‌టాప్ తెరిచి నవ్వుతున్న అమ్మాయి బొమ్మ కూడా ఉంది, 'హాయిగా పని చేసుకోండి' అని పిలుస్తున్నట్టు. లోపలికి వెళ్లి కూర్చున్నాక తెలుస్తుంది అసలు సంగతి. గోడ పొడవునా ఉన్న ప్లగ్ పాయింట్లలో చాలావాటికి ప్లాస్టిక్ మూతలు పెట్టి స్క్రూలు బిగించేశారు. పనిచేసేది ఒకటే, అది టాయిలెట్ తలుపు పక్కన. వైఫై కోడ్ బిల్లు మీద వస్తుంది. కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. ఎంతసేపటికి ఆగుతుందో బిల్లు మీద ఉండదు. ఒకసారి సర్వేయర్ ఫోటోలు డౌన్‌లోడ్ అవుతుంటే మధ్యలో తెగింది, కౌంటర్ దగ్గరికి వెళితే 'కొత్త బిల్లు మీద కొత్త కోడ్ వస్తుంది మేడం' అన్నాడు కుర్రాడు. సరే, ఇంకో కాఫీ తీసుకున్నాను. నాకేం బాధ లేదు. ఆ ముక్క ముందే చెబితే ఫైలు తెరవక ముందే తీసుకునేదాన్ని కదా.

తర్వాత మొదలవుతుంది అసలు వరస. కప్పులో రెండు గుక్కలు ఉండగానే 'అయిపోయిందా మేడం?' అంటూ చెయ్యి చాపుతారు. టేబుల్ తుడవడానికి వస్తారు, లాప్‌టాప్ ఎత్తి పట్టుకోవాలి. మళ్లీ కాసేపటికి ఇంకొకరు వచ్చి అదే టేబుల్ తుడుస్తారు. నాలుగు దాటగానే పాటల సౌండ్ పెరుగుతుంది. ఏసీ చల్లదనం కూడా పెరుగుతుందని నా అనుమానం, దానికి మాత్రం సాక్ష్యం లేదు. ఇవేవీ పొరపాటున జరిగేవి కావు, అలాగని ఎవరూ ఏమీ అనరు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.

ఉండబట్టలేక మేనేజర్‌నే అడిగాను. 'బాబూ, ఇక్కడ ఎంతసేపు కూర్చోవచ్చు? రూల్ ఏదైనా ఉంటే చెప్పండి, దాని ప్రకారమే వస్తాను' అని. ఆయన చేతులు జోడించినంత పని చేశాడు. 'అయ్యో మేడం, అలాంటిదేం లేదు, మీరు ఎంతసేపైనా కూర్చోవచ్చు.' మాట మర్యాదగానే ఉంది. నేను తిరిగి వచ్చేసరికి నా టేబుల్ మీద 'రిజర్వ్‌డ్' అట్టముక్క ఉంది. దాన్ని అక్కడ పెట్టిన కుర్రాడు నా కళ్లలోకి చూడలేక మంచినీళ్ల జగ్గు సర్దుకుంటున్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. చెప్పలేని మాట వాడి చేత చేయిస్తున్నారు, అంతే.

నా ఉద్యోగంలో ఇలాంటిది చెల్లదు. పాలసీలో లేని షరతు కొత్తగా పుట్టించి క్లెయిమ్ కాదనడానికి వీల్లేదు. రాసిన మాటకే రెండు అర్థాలు వస్తే, రాసినవాళ్లకి వ్యతిరేకంగా ఉన్న అర్థమే తీసుకోవాలన్నది మా రంగంలో పాత సూత్రం. షాపువాళ్లు కాఫీ పేరుతో నాకు అమ్మేదాంట్లో కుర్చీ, కరెంటు, వైఫై, కాస్త సమయం కూడా ఉన్నాయి. దేన్ని ఎంత కొన్నానో చెప్పకుండా, ఎక్కువ వాడేశావన్నట్టు చూస్తే ఎలా?

అసలు మా వ్యాపారం పుట్టిందే ఇలా కాఫీ షాపులో గంటలు గంటలు కూర్చున్నవాళ్ల వల్ల. 1680ల్లో లండన్‌లో టవర్ స్ట్రీట్ దగ్గర ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ హౌస్ నడిపేవాడు. ఓడల కెప్టెన్లు, వర్తకులు, ఓడలకి పూచీ రాసేవాళ్లు అక్కడే చేరేవారు. ఆయన వాళ్లని లేవగొట్టలేదు సరికదా, ఏ ఓడ ఎక్కడుందో వార్తలు సేకరించి అందించాడు. 1691లో లొంబార్డ్ స్ట్రీట్‌కి మారాక కూడా అదే పద్ధతి. అక్కడి బేరాల నుంచి పెరిగిందే ఇవాళ్టి లాయిడ్స్ ఇన్సూరెన్స్ మార్కెట్. ఆ భవనంలో యూనిఫాం వేసుకున్న సిబ్బందిని ఇప్పటికీ 'వెయిటర్లు' అనే పిలుస్తారు. మెరైన్ క్లెయిము ఫైలుతో కాఫీ షాపులో కూర్చునే హక్కు ఎవరికైనా ఉందంటే నాకే ఉండాలి!

హక్కు మాట సరదాకి అన్నాను. షాపువాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క వేరు. అద్దె, జీతాలు, కరెంటు అన్నీ కప్పుల మీదే రావాలి. సాయంత్రం రద్దీలో నలుగురు కూర్చునే టేబుల్ దగ్గర ఒక్కరు ఒక్క కప్పుతో కూర్చుంటే, నలుగురి కుటుంబం గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్లిపోతుంది. ఆ నష్టం బిల్లింగ్ మెషీన్‌లో కనిపించదు. మనవాళ్లూ తక్కువ తినలేదు. స్పీకర్ ఆన్ చేసి మీటింగులో మాట్లాడేవాళ్లు, పక్క కుర్చీలో బ్యాగు కూర్చోబెట్టేవాళ్లు, ఇంటి నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకునేవాళ్లు నాకు రోజూ కనిపిస్తారు. దక్షిణ కొరియాలో ఇది ఎంత ముదిరిందంటే, 2025 ఆగస్టులో అక్కడి స్టార్‌బక్స్ ఏకంగా డెస్క్‌టాప్ కంప్యూటర్లు, ప్రింటర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, అడ్డతెరలు తేవద్దని నోటీసు పెట్టాల్సి వచ్చింది. లాప్‌టాప్‌కి అభ్యంతరం లేదన్నారు. కాఫీ షాపుకి ప్రింటర్ మోసుకెళ్లిన మనిషిని ఒక్కసారి చూడాలని ఉంది నాకు.

రూల్ రాసిపెట్టకపోతే ఏమవుతుందో అదే స్టార్‌బక్స్ అనుభవంలో ఉంది. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో ఇద్దరు నల్లజాతి యువకులు ఏమీ ఆర్డర్ చేయకుండా ఒకాయన కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, మేనేజర్ పోలీసులకి ఫోన్ చేయడం, వాళ్లని అరెస్టు చేయడం జరిగాయి. పెద్ద దుమారం రేగింది. మే 29న అమెరికాలో 8,000కి పైగా స్టోర్లు ఒక మధ్యాహ్నం మూసి సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. ఏమీ కొనకపోయినా కూర్చోవచ్చు, టాయిలెట్ వాడుకోవచ్చు అని విధానం మార్చారు. 2025 జనవరిలో ఉత్తర అమెరికాలో అదీ తిరగబడింది. ఇప్పుడు కొనేవాళ్లకి, వాళ్లతో వచ్చినవాళ్లకి మాత్రమే అని నియమావళి పెట్టారు. ఏది సరైనదో తేల్చడం నా వల్ల కాదు. ఎవరు కూర్చోవచ్చన్నది కౌంటర్ వెనక ఉన్న మనిషి మూడ్‌కి వదిలేస్తే మాత్రం, ఆ భారం ఎప్పుడూ ఒకేరకం మనుషుల మీద పడుతుంది. నా వయసు, నా చీర చూసి నన్ను 'మేడం' అంటూ టేబుల్ తుడుస్తారు. అదే షాపులో పరీక్షలకి చదువుకుంటున్న కుర్రాడిని 'తమ్ముడూ, ఇంక లే' అనడం నా చెవులతో విన్నాను. వాడు నాకంటే ఆలస్యంగా వచ్చాడు, నాకంటే ఎక్కువే కొన్నాడు.

ఇక రెండో షాపు. చిన్నది, అందం తక్కువ, కుర్చీలు చెక్కవి. తలుపు తీయగానే ఎదురుగా చేత్తో రాసిన బోర్డు. లాప్‌టాప్‌లు కిటికీ పక్క వరుసలోనే. మామూలు వేళల్లో ఎంతసేపైనా సరే, రద్దీ వేళల్లో గంటన్నర. శని, ఆదివారాలు సాయంత్రం లాప్‌టాప్‌లు వద్దు. ఫోన్ మాట్లాడాలంటే బయట అరుగు మీద. రద్దీ వేళలు ఏవో కూడా గంటలతో సహా రాశారు. కిటికీ వరుసలో ప్రతి సీటుకీ ప్లగ్ పాయింట్ ఉంది, ఒంటరిగా కూర్చునేవాళ్లకి సరిపోయేంత సన్నటి బల్ల. పెద్ద టేబుళ్ల దగ్గర ప్లగ్గులే లేవు. అక్కడ కూర్చోవద్దని ఎవరూ చెప్పక్కర్లేదు మరి.

గంటన్నర అయ్యే ముందు కౌంటర్‌లో ఉండే అమ్మాయి వచ్చి 'అక్కా, ఇంకో పది నిమిషాలు' అని చెబుతుంది. మొదటిసారి కాస్త చివుక్కుమంది, అబద్ధం ఎందుకు. తర్వాత చూస్తే, ఆ మాట విన్నాక నాకు టెన్షన్ తగ్గింది. మొదటి షాపులో కూర్చున్నంతసేపూ 'ఇప్పుడు లేపుతారా, ఇంకో కాఫీ చెప్పాలా' అని ఒక చెవి అటే ఉంటుంది. ఇక్కడ గంటన్నర నాదే అని తెలుసు. రెండు ఫైళ్లు పూర్తయ్యేలా పని సర్దుకుంటాను. ఖాళీగా ఉంటే ఆ అమ్మాయే 'ఉండండి అక్కా, ఎవరూ లేరు కదా' అంటుంది. కొనడం కూడా ఇక్కడే ఎక్కువ కొంటున్నాను, ఎవరూ అడగకపోయినా.

లోపాలు లేవనను. చెక్క కుర్చీలో గంట దాటితే నడుము పట్టేస్తుంది, అది కావాలనే అలా పెట్టారేమో అని కూడా అనుకున్నాను. శనివారం సాయంత్రం అర్జంటు పని పడితే ఇక్కడికి రావడం దండగ. కిటికీ వరుసలో మధ్యాహ్నం ఎండ నేరుగా స్క్రీన్ మీద పడుతుంది, తెర వేయమంటే 'బయటికి షాపు కనిపించదు అక్కా' అంటారు. ఒంటరిగా పనిచేసుకునేవాళ్ల పెద్ద సమస్య టాయిలెట్. లాప్‌టాప్ వదిలి వెళ్లలేం, అన్నీ సర్దుకుని వెళితే తిరిగొచ్చేసరికి సీటు ఉండదు. దానికి వీళ్ల దగ్గర ఒక చిన్న ఏర్పాటు ఉంది. లాప్‌టాప్ కౌంటర్‌లో ఇస్తే లోపల పెట్టి, సీటు మీద ఒక చెక్క బిళ్ల పెడతారు. ఇంతవరకు ఇంకెక్కడా చూడలేదు ఈ పద్ధతి.

నిమిషాలకి డబ్బు తీసుకునే చోట్లు కూడా ఉన్నాయి. మాస్కోలో 2011లో మొదలైన జిఫర్‌బ్లాట్ అనే కేఫ్‌లో కాఫీ ఉచితం, కూర్చున్న సమయానికే లెక్క. లోపలికి రాగానే చేతికో గడియారం ఇస్తారట. నిజాయితీలో దాన్ని మించింది లేదు గానీ, సర్వేయర్ రిపోర్టు చదువుతూ పక్కన టిక్‌టిక్ వినే ఓపిక నాకు లేదు. వియన్నా పద్ధతైతే నాకు నచ్చుతుంది. అక్కడ కాఫీతోపాటు గ్లాసుడు నీళ్లు పెట్టి, పేపర్ చేతికిచ్చి, అడిగేదాకా బిల్లు తేరు. 2011లో ఆ సంస్కృతిని ఆస్ట్రియా తన యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చుకుంది కూడా. అలాంటి షాపు నడవాలంటే అద్దె ఎంతుండాలో లెక్కేసే పని నాది కాదు.

మొదటి షాపుకి అయిదుకి రెండు. స్నేహితులతో అరగంట కబుర్లకైతే వెళ్లండి, సోఫాలు నిజంగా బాగుంటాయి. ఛార్జర్ పట్టుకుని మాత్రం వెళ్లొద్దు. రెండోదానికి నాలుగు. కిటికీకి తెర వేసిన రోజున మిగతా ఒకటీ ఇస్తాను.