ఫ్లాట్ లోపలి నీళ్ల లైనుకు పెక్స్ పైపు: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ వద్దు

అపార్ట్‌మెంట్‌లో నీళ్ల లైను లీకయితే ఆ ఫ్లాటు వాళ్లకు ముందుగా తెలియదు. కింది ఫ్లాటు సీలింగ్ మీద చెమ్మ కనిపించాక తెలుస్తుంది. అప్పటికి టైల్స్ పగలగొట్టడం తప్ప దారి ఉండదు. పగలగొట్టి చూస్తే లీకు ఎక్కువగా పైపులో కాకుండా జాయింట్‌లో ఉంటుంది. పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ పైపు పనికొచ్చేది ఈ చిక్కుకే. చుట్టగా వస్తుంది, మలుపు దగ్గర ఎల్బో అడగదు, కాబట్టి గోడలోనూ నేలలోనూ ఒక్క జాయింట్ కూడా లేకుండా లైను వేయవచ్చు. అలా వేయించే ఉద్దేశం ఉంటేనే దీన్ని కొనండి. గోడలో నాలుగు టీలు (లైను రెండుగా చీలే జాయింట్లు), ఆరు ఎల్బోలు (మలుపు జాయింట్లు) పెట్టి పాత పద్ధతిలోనే వేయించేటట్లయితే సీపీవీసీ (అతికించి వేసే గట్టి ప్లాస్టిక్ పైపు) చాలు, పెక్స్‌కు పెట్టే డబ్బు దండగ.

మామూలు పాలిథిన్ వేడికి కరుగుతుంది. పెక్స్‌లో ఆ పాలిథిన్ గొలుసులను అడ్డంగా ఒకదానికొకటి ముడివేస్తారు. అందుకే వేడికి మెత్తబడుతుందే గానీ కరిగి కారదు. ముడివేసే పద్ధతిని బట్టి ఏ, బీ, సీ అని మూడు రకాలు. ‘ఏ’ రకం పెరాక్సైడ్ అనే రసాయనంతో, బీ రకం సైలేన్ అనే రసాయనంతో, సీ రకం ఎలక్ట్రాన్ కిరణాలతో తయారవుతాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15875 ప్రకారం గొలుసులు ముడిపడ్డ శాతం ‘ఏ’ రకంలో కనీసం 70, బీలో 65, సీలో 60 ఉండాలి. అక్షరాల వరుస చూసి ‘ఏ’ మొదటి రకం, బీ రెండో రకం అనుకోకండి. అవి తయారీ పద్ధతికి గుర్తులు మాత్రమే. పనిలో తెలిసే తేడా వేరు: ‘ఏ’ రకం మెత్తగా ఉంటుంది, బయటి వ్యాసానికి ఆరు రెట్ల అర్ధవ్యాసంలో వంగుతుంది. అంటే 16 మి.మీ. పైపు సుమారు 10 సెం.మీ. అర్ధవ్యాసంతో తిరుగుతుంది. బీ రకానికి ఎనిమిది రెట్లు, దాదాపు 13 సెం.మీ. కావాలి. ‘ఏ’ రకం మడతపడితే హీట్ గన్‌తో వేడిచేస్తే పైపు అద్దంలా పారదర్శకమై తన పాత గుండ్రానికి తిరిగి వస్తుంది. బీ రకానికి ఇలా చేసి నమ్మలేం. మడతపడ్డ ముక్క కోసి రెండు కొసలనూ కలిపే కప్లర్ వేయాలి, అంటే వద్దనుకున్న జాయింట్ గోడలోకి వచ్చి కూర్చుంటుంది. ఇరుకు బాత్రూముల్లో మలుపులు ఎక్కువగా ఉంటే ‘ఏ’ రకమే తీసుకోండి.

ఇంకో రకం మల్టీలేయర్. లోపలా బయటా పెక్స్, మధ్యలో పలుచని అల్యూమినియం. వంచితే వంచిన చోటే నిలుస్తుంది, వేడికి సాగడం చాలా తక్కువ. గోడ బయట కనబడేలా వేసే లైనుకు ఇదే బాగుంటుంది. అయితే ఒకసారి మడతపడిందా, ఆ ముక్క పారేయాల్సిందే.

పైపు మీద ముద్రించిన వరుస చదవకుండా కొనవద్దు. ఏఎస్‌టీఎం అనే అమెరికా ప్రమాణంలో తయారైన పైపు మీద 5106 లాంటి నాలుగంకెల కోడ్ ఉంటుంది. మొదటి అంకె క్లోరిన్‌కు తట్టుకునే శక్తి. 5 అంటే 60 డిగ్రీల వేడినీళ్లు రోజంతా తిరుగుతున్నా ఓర్చుకునే రకం, 1 అంటే అందులో నాలుగో వంతు సమయానికే పరీక్షించినది, 0 అంటే అసలు పరీక్షించనిది. రెండో అంకె ఎండకు సంబంధించినది: 1 అయితే నెల, 2 అయితే మూడు నెలలు, 3 అయితే ఆరు నెలలు ఎండలో ఉండొచ్చు. బిల్డింగ్ మొత్తానికి వేడినీళ్లు నిరంతరం తిరిగే లైను ఉంటే మొదటి అంకె 5 కాని పైపు వేయకండి. నీళ్లలో కలిపే క్లోరిన్ ప్లాస్టిక్‌ను లోపలి నుంచి తింటుంది, వేడి ఆ పనిని వేగం చేస్తుంది. అమెరికాలో 1978 నుంచి 1995 దాకా విరివిగా వేసిన పాలీబ్యూటిలీన్ పైపులూ వాటి ప్లాస్టిక్ ఫిట్టింగులూ పగిలిపోవడానికి ప్రధాన కారణం ఇదే.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు. పెక్స్ గోడ మందం ఎక్కువ, కాబట్టి బయటి వ్యాసం చూసి లెక్కేస్తే లోపలి దారి తక్కువ వస్తుంది. 16×2 పైపు (బయటి వ్యాసం 16 మి.మీ., గోడ మందం 2 మి.మీ.) లోపల 12 మి.మీ., 20×2 లోపల 16 మి.మీ. ఒక కొళాయికో షవర్‌కో 16 సరిపోతుంది: నిమిషానికి 12 లీటర్లు పారినా నీటి వేగం సెకనుకు 1.8 మీటర్ల లోపే ఉంటుంది. ఫ్లాటులోకి వచ్చే మెయిన్ లైనుకు మాత్రం 25 తగ్గకూడదు. సన్న పైపుతో లాభం కూడా ఉంది. పది మీటర్ల 16 పైపులో నిలిచే నీళ్లు 1.1 లీటర్లు, 20 పైపులో 2 లీటర్లు. గీజర్ నుంచి వేడినీళ్లు వచ్చేలోపు వృథాగా పోయేది ఆ నీళ్లే. అందుకని "ఎందుకైనా మంచిది" అని వేడినీళ్ల లైను పెద్దది వేయించుకోవద్దు.

ఇక జాయింట్. పెక్స్‌కు ఏ సొల్యూషనూ అంటుకోదు, సీపీవీసీలా అతికించడం కుదరదు. ఫిట్టింగును పైపులోకి దూర్చి బయట రింగు నొక్కుతారు. రాగి రింగు క్రింప్ పద్ధతి చవక, కానీ అర అంగుళం ఫిట్టింగు లోపలి రంధ్రం సుమారు 9 మి.మీ.కు పడిపోతుంది. ఇలాంటివి వరసగా నాలుగు వస్తే షవర్ సన్నబడుతుంది. పైపు మూతిని సాగదీసి ఫిట్టింగు మీదకు ఎక్కించే ఎక్స్‌పాన్షన్ పద్ధతిలో దారి ఇరుకు కాదు. అది ‘ఏ’ రకం పైపుకే బాగా నప్పుతుంది. చలిలో పైపు మెల్లగా ముడుచుకుంటుంది కాబట్టి అది పూర్తిగా బిగిసేదాకా ప్రెజర్ పెట్టకూడదు.

జాయింట్ చెడిపోయేది ఎలాగో దగ్గరగా చూడండి. హాక్సా బ్లేడుతో కోస్తే మూతి వంకరగా వస్తుంది, పీచు మిగులుతుంది. కట్టర్‌తో నిట్టనిలువుగా కోయాలి. క్రింప్ రింగు పైపు చివరి నుంచి 3 నుంచి 6 మి.మీ. దూరంలో ఉండాలి. మరీ అంచుకు ఉంటే కింద పట్టు ఉండదు. నొక్కాక గేజ్‌తో ప్రతి రింగునూ కొలవాలి, కొలవని రింగును నమ్మవద్దు. మల్టీలేయర్‌లోనైతే పైపు లోపలి అంచును ఏటవాలుగా చెక్కకుండా ఫిట్టింగు దూరిస్తే, ఆ పదును లోపలి రబ్బరు రింగును సన్నగా కోస్తుంది. ఆ రోజు లీకు కనబడదు. వేడి, చల్లన మారి మారి తగిలాక చుక్కలు మొదలవుతాయి. మల్టీలేయర్ ఫిట్టింగును నొక్కే ప్రెస్ మెషిన్ దవడ ఆకారం కూడా ఫిట్టింగు కంపెనీ చెప్పినదే కావాలి. ఒక కంపెనీ పైపు, ఇంకో కంపెనీ ఫిట్టింగు కలిపితే రెండువైపులా వారంటీ పోతుంది. ఇత్తడి ఫిట్టింగులు జింక్ కరిగిపోని డీజెడ్ఆర్ రకానివే తీసుకోండి. మామూలు పసుపు ఇత్తడి కొన్ని నీళ్లలో జింక్ కోల్పోయి గుల్లబారుతుంది.

లైను వేసే తీరు ఇలా ఉండాలి. ఫ్లాటులో తలుపు తీసి చూడగలిగే చోట మానిఫోల్డ్ (ఒక లైనును పలు దారులుగా చీల్చే ఫిట్టింగు), అందులో ప్రతి దారికీ వాల్వ్, అక్కడి నుంచి ప్రతి కొళాయికీ విడిగా ఒక పైపు, మధ్యలో జాయింట్ లేకుండా. పైపును 25 మి.మీ. ముడతల గొట్టంలో దూర్చి వేస్తే ఇంకా మంచిది. తర్వాత పైపు చెడితే గోడ ముట్టుకోకుండా లాగి కొత్తది ఎక్కించవచ్చు. దానికి మలుపులు మూడు నాలుగుకు మించకూడదు, అవీ సన్నగా ఉండకూడదు. కొళాయి వచ్చే చోట చెవులున్న ఇత్తడి ఎల్బోను స్క్రూలతో గోడకు బిగించాలి. ఇది మానేస్తే కొళాయి బిగించే పాన తిప్పుడుకు లోపల పైపే తిరిగి, క్రింప్ వదులవుతుంది. గోడ బయటి అడ్డ లైనుకు ప్రతి 80 సెం.మీ.కు ఒక క్లాంప్, అదీ పైపు జరగడానికి కొంచెం వీలిచ్చేది.

షాఫ్ట్‌లో (అంతస్తుల గుండా పైపులు వెళ్లే నిలువు ఖాళీలో) పై నుంచి కిందికి దిగే మెయిన్ లైనుకు పెక్స్ వేయకండి. వేడికి అది మీటరుకు, డిగ్రీకి సుమారు 0.15 మి.మీ. సాగుతుంది. 30 మీటర్ల వేడినీళ్ల లైను 40 డిగ్రీలు వేడెక్కితే 18 సెం.మీ. సాగినట్టు. అదే కొలతకు సీపీవీసీ 8, రాగి 2 సెం.మీ. సాగుతాయి. షాఫ్ట్‌లో ఎండ పడినా, ఎలుకలు తిరిగినా పైపు మిగలదు. అంతస్తుల మధ్య మంట పైకి పాకకుండా స్లాబు రంధ్రాల దగ్గర ఫైర్ కాలర్లు కూడా కావాలి. అక్కడికి గట్టి పైపే సరైనది. ఎత్తైన బిల్డింగుల్లో ఇంకో మాట: పై ట్యాంకు నుంచి ప్రతి 10 మీటర్లు కిందికి దిగేకొద్దీ 1 బార్ ఒత్తిడి పెరుగుతుంది. పెక్స్ సుమారు 23 డిగ్రీల్లో 11 బార్ తట్టుకున్నా, 82 డిగ్రీల్లో 6.9 బార్‌కే పరిమితం. కింది అంతస్తుల ఫ్లాట్లకు ఒత్తిడిని 3 బార్‌కు తగ్గించే వాల్వ్ పెట్టించండి.

గీజర్‌కు నేరుగా తగిలించవద్దు, మొదటి 45 సెం.మీ. లోహపు పైపు ఉండాలి. సోలార్ హీటర్ నుంచి వచ్చే లైనుకు అసలే వద్దు. వాడకం లేని రోజుల్లో అక్కడ వేడి 95 డిగ్రీలు దాటగలదు, పెక్స్ అంత వేడిని ఓర్చుకోలేదు. పెట్రోలు, థిన్నర్, చెదల మందు చల్లిన మట్టి తగిలే చోట కూడా వేయకూడదు, అవి పైపు గోడలోంచి నీళ్లలోకి దిగుతాయి.

లైనుకు ప్రెజర్ టెస్ట్ పెట్టేటప్పుడు పెక్స్ తీరు తెలియక గొడవలు వస్తాయి. వాడకపు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించగానే ప్రెజర్ గేజ్ ముల్లు కిందికి జారుతుంది. అది లీకు కాదు, పైపు ఉబ్బడం. పది నిమిషాలకోసారి, మొదటి అరగంటలో రెండుసార్లు మళ్లీ పంపు కొట్టండి. తర్వాతి అరగంటలో 0.6 బార్ మించి పడకూడదు. ఆ పైన రెండు గంటల్లో 0.2 బార్ మించి పడితే అప్పుడు జాయింట్లు వెతకాలి. ప్లాస్టరింగ్ జరిగే రోజుల్లోనూ గేజ్ తీయనివ్వకండి. మేకు గానీ డ్రిల్ గానీ పైపుకు తగిలితే, ఏ గోడ దగ్గర పని జరుగుతోందో అప్పుడే ముల్లు పడిపోతుంది.