విజయనగరంలో మూడు రోజులు: సిరిమాను, సంగీతం, మోకాళ్ల నొప్పులు

విజయనగరం స్టేషన్‌లో దిగేసరికి సోమవారం మధ్యాహ్నం రెండు దాటింది. విశాఖ నుంచి రైల్లో గంట ప్రయాణం. మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. "ఘంటసాల చదువుకున్న ఊరు చూడకుండానే పోతానేమోరా" అని ఏడాదిగా పోరుతున్నారు. నాకేమో సిరిమాను, అంటే కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, చూడాలని. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కాబట్టి రెండూ కలిసొచ్చేలా టికెట్లు తీశాను.

ముందు హోటల్ సంగతి చెప్పేస్తాను, ఆ చేదు అయిపోతుంది. ఫోన్లో 1,800 అన్న గది, కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి "పండగ రేటండి" అని 3,000 అయింది. లిఫ్ట్ ఉంది గానీ కరెంటు పోతే దానికి జనరేటర్ కనెక్షన్ లేదు. నాన్న ఆ మోకాళ్లతో మూడంతస్తులు రెండుసార్లు ఎక్కారు. గీజర్ పనిచేయకపోతే కుర్రాడు బకెట్‌తో వేడినీళ్లు మోసుకొచ్చాడు, పాపం వాడి తప్పేముంది. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పండగకి వెళ్లేవాళ్లు నెల ముందే గది మాట్లాడుకోండి, రేటు మెసేజ్‌లో పెట్టించుకోండి. కోటకి నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో చూసుకోండి. విశాఖలో మంచి హోటల్లో దిగి పొద్దున్నే వచ్చి రాత్రికి వెళ్లిపోవచ్చని కొందరు సలహా ఇచ్చారు. సుఖం కావాలంటే అదే మేలు. కానీ అలా చేస్తే తొలేళ్ల రాత్రి పోతుంది. నన్నడిగితే ఈ పండగలో సగం ఆ రాత్రే.

తొలేళ్లంటే సిరిమాను ముందురోజు, సోమవారం. మూడు లాంతర్ల సెంటర్లో అమ్మవారి చదురుగుడి ఉంది. స్టేషన్ వైపు ఉన్నది వనంగుడి. ఆ రాత్రి చదురుగుడి దగ్గర మేం చూసిన జనంలో ఊరివాళ్లకంటే పల్లెల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ అనిపించింది. అమ్మవారి దగ్గర పూజలో పెట్టిన ధాన్యం గింజలు రైతులకి పంచుతారు. వాటిని ఇంట్లో విత్తనాల్లో కలుపుకుంటే పంట బాగుంటుందని నమ్మకం. మా పక్కన నిలబడ్డ పెద్దాయన నాలుగు గింజలు కండువా కొసకి ముడేసుకుని, ఆ ముడిని బొడ్లో దోపుకున్నాడు. ఫోటో తీయబోతే నాన్న నా చెయ్యి కిందికి దించేశారు.

మంగళవారం పొద్దున ఆటో కోసం చూస్తే ఒక ఆటో అతను నవ్వాడు. "ఈరోజు ఊర్లో ఆటో ఎల్లదు బాబూ. నడిసే ఎల్లాల." నడిచాం. దారి పొడవునా ఇళ్ల ముందు మజ్జిగ, మంచినీళ్లు, పులిహోర ఇస్తూనే ఉన్నారు. డబ్బులివ్వబోతే కోప్పడ్డారు కూడా. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ జనంలో ఆడవాళ్లకి టాయిలెట్ దొరకడం చాలా కష్టం. కుటుంబంతో వెళ్లేవాళ్లు గది దగ్గరలో ఉండేలా చూసుకోమంది ఇందుకే.

అమ్మవారి కథ ఊళ్లో అందరికీ తెలిసిందే. 1757 బొబ్బిలి యుద్ధంలో విజయనగరం రాజు విజయరామరాజు చనిపోయాడని విని ఆయన చెల్లెలు పైడిమాంబ పెద్దచెరువు దగ్గర ప్రాణం విడిచిందని, తర్వాత ఆ చెరువులోనే విగ్రహం దొరికిందని, ఆమే పైడితల్లి అని చెబుతారు. ఏటా అమ్మవారు పూజారి కలలోకి వచ్చి ఏ ఊళ్లో ఏ చింతచెట్టో చెబుతుందట. ఆ చెట్టునే తెచ్చి, దాదాపు 60 అడుగుల మానుగా చెక్కి, దాని కొసన పూజారిని కూర్చోబెడతారు. ఆయనే ఆ రోజు అమ్మవారు. చదివినప్పుడు ఇదంతా మామూలుగానే ఉంటుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల ఒక్కొక్కటే వెళ్లిపోయి, ఆ వెనక ఇళ్ల కప్పులకి పైన గాల్లో ఊగుతూ ఒక మనిషి వస్తుంటే మాత్రం ఒళ్లు జలదరించింది. జనం అరటిపళ్లు విసురుతున్నారు. ఒకటి తగిలి నాన్న కళ్లజోడు కిందపడింది, పగల్లేదు. గుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరుగుతుంది. మొదటిసారి తోపులాటలో మాకేమీ కనపడలేదు. గుడి దగ్గర కాకుండా కోట వైపు జరిగి నిలబడితే రెండోసారి తీరుబడిగా చూశాం. పెద్దవాళ్లని తీసుకెళ్తే అటువైపే వెళ్లండి.

బుధవారం ఊరు ఖాళీ అయింది. అప్పుడు కనపడింది అసలు విజయనగరం.

కోటకి 1713లో, విజయ నామ సంవత్సరం, విజయదశమి నాడు, జయవారమైన మంగళవారం, విజయరామరాజు శంకుస్థాపన చేశాడని ఊళ్లోవాళ్లు వేళ్లు మడిచి లెక్క చెబుతారు. లోపల సింహాసనాలూ కత్తులూ చూద్దామని వెళ్తే నిరాశే. అక్కడ కాలేజీలున్నాయి. బురుజు పక్కనుంచి పుస్తకాలు పట్టుకున్న ఆడపిల్లలు వరసగా లోపలికి వెళ్తుంటారు. టూరిస్టుగా నాకు కొంచెం వెలితిగానే అనిపించింది. నాన్నకి మాత్రం అదే నచ్చింది. "కోటని బడి చేసుకున్నారు, ఇంకేం కావాలిరా" అన్నారు.

కోట ఎదుటి ప్రాంతమే బొంకులదిబ్బ. కన్యాశుల్కం మొదటి రంగం జరిగేది ఇక్కడే. 1892లో ఆ నాటకం తొలిసారి ఆడిందీ ఈ ఊళ్లోనే. ఇప్పుడక్కడ బజారు, బళ్లు, బేరాలు. గిరీశం ఈ సందులోంచే వస్తాడేమో అన్నట్టు నాన్న కాసేపు అలాగే నిలబడిపోయారు. గురజాడ ఉన్న ఇల్లు దగ్గరలోనే ఉంది, అరగంట చాలు. గంటస్తంభం దారిలోనే పడుతుంది. 1885 నాటిది. దాని కింద ట్రాఫిక్‌లో తల పైకెత్తి చూడటం కాస్త సాహసమే.

మళ్లీ ఆ ఆటో అతనే దొరికాడు. విజ్జీ స్టేడియం పక్కగా వెళ్తూ "మా విజ్జీ ఇండియా కేప్టెనండి" అన్నాడు. విజయనగరం రాజకుమారుడైన విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టుకి కెప్టెనే, నిజం. ఆటని చూసి కాదు, హోదాని చూసి ఇచ్చారని క్రికెట్ చదివినవాళ్లందరికీ తెలుసు. నేను నోరు మూసుకున్నాను. అతని తండ్రి జూట్ మిల్లు కార్మికుడట. నెల్లిమర్లలో సైరన్ మోగితే ఇంట్లో పొయ్యి వెలిగేదట. మిల్లు ఆగిన నెలల్లో కూలికి వెళ్లేవాడట. కొడుకు ఆటో కొన్నాడు, మనవడు భోగాపురం విమానాశ్రయం పనుల్లో చేరాడు. ఈ ఊరి బతుకుతెరువు ఎటు జరుగుతోందో ఆ ఒక్క ఇంట్లోనే తెలిసింది. మామిడి సీజన్ కాదు కాబట్టి సువర్ణరేఖ దొరకలేదు, భీమాలి తాండ్ర రెండు కేజీలు కొన్నాను. బజార్లో దొరికే తాండ్రంతా భీమాలిది కాదు, కొంచెం రుచి చూసి తీసుకోండి. బొబ్బిలి వీణ చేసే గొల్లపల్లికి వెళ్లలేకపోయాం. ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసేది అక్కడే. దానికి ఇంకో రోజు పెట్టుకోవాల్సింది, నా ప్లానింగే తప్పు.

సంగీత కళాశాలని చివరికి ఉంచుకున్నాం. 1919లో విజయరామ గజపతిరాజు పెట్టించింది. తన కొలువులో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదని, ఆ పిల్లాడి చదువు కోసం మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. హరికథకి పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు ఇక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాల ఈ వీధుల్లో మధూకరం ఎత్తి, జోలెలో పడిన అన్నం తిని చదువుకున్నాడు. గాయని పి. సుశీలది ఈ ఊరే, ఆమె చదివిందీ ఇక్కడే. ఒక గదిలోంచి మృదంగం, ఇంకో గదిలోంచి పిల్లలు ఒకే వరస మళ్లీ మళ్లీ తప్పుతూ పాడటం వినపడుతోంది. నాన్న చెప్పులు విప్పేసి వరండాలో గట్టు మీద కూర్చున్నారు. నలభై నిమిషాలు. రైలు టైమవుతోందని నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను.

బయటికొస్తూ అక్కడున్న ఒకావిడని, "అమ్మా, గాత్రంలో చేరడానికి వయసు పరిమితి ఏమైనా ఉందా?" అని అడిగారు. మనవరాలి కోసమేమో అనుకున్నాను. ఆవిడా అలాగే అనుకుని "పాపకి ఎన్నేళ్లండీ?" అంది.

"డెబ్బై ఒకటి" అన్నారు నాన్న.