బీపీకి పొటాషియం: మాత్రా, ఉప్పు ప్యాకెట్టా, పళ్లెంలో కూరా?

పొటాషియం బీపీకి మంచిదన్న మాట నిజమే. ఒంట్లో అది తగినంత ఉంటే మూత్రపిండాలు సోడియాన్ని ఎక్కువగా బయటికి పంపిస్తాయి, రక్తనాళాల బిగువు కాస్త సడలుతుంది. పొటాషియం పెంచుకుంటే బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున 3 నుంచి 5 పాయింట్ల దాకా దిగుతుంది. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. ఆ లెక్కను ఎక్కడి నుంచి పూడ్చుకోవాలన్నదే ప్రశ్న. మందుల షాపులో మాత్ర, సిరప్పు ఉన్నాయి. కిరాణా కొట్లో తక్కువ సోడియం ఉప్పు ఉంది. ఇంట్లో తోటకూర ఉంది.

ఏది మేలో తేల్చుకునే ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోవాలి. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం, వాటితోపాటు మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీన్). ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు కుటుంబాలకు ఇది మరీ అవసరం. శ్రీకాకుళం వైపు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వీళ్లకు పెద్ద దూరం కాదు. బంధుత్వాలన్నీ అటూ ఇటూ అల్లుకున్నవే. ఆ ఊళ్లుండే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో అందరికీ తెలుసు. ఆ జబ్బు చాలాకాలం నొప్పి లేకుండా, కాళ్లవాపు లేకుండా లోలోపలే ముదురుతుంది. పొటాషియాన్ని బయటికి పంపేది ప్రధానంగా మూత్రపిండాలే. అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకుని గుండె లయను తప్పిస్తుంది. ఆరోగ్యవంతుడికి మేలుచేసే కొబ్బరినీళ్లే, కొబ్బరితోటల మధ్య పుట్టిన కిడ్నీ రోగికి ముప్పు.

మొదట మాత్ర సంగతి. 600 మిల్లీగ్రాముల పొటాషియం క్లోరైడ్ మాత్రలో అసలు పొటాషియం 315 మిల్లీగ్రాముల లోపే. ఓ మోస్తరు అరటిపండులో ఉండేది 350 నుంచి 400. అంటే పండు ఇచ్చేంత కూడా మాత్ర ఇవ్వదు. పైగా గొంతులో ఇరుక్కుంటే అక్కడే పుండు చేస్తుంది. కాబట్టి నమలకుండా, పొడి చెయ్యకుండా, భోజనం మధ్యలో నిండు గ్లాసు నీళ్లతో మింగాలి. మింగిన వెంటనే పడుకోకూడదు. సిరప్పు ఇంకా గాఢం. మన దగ్గర దొరికే రకం 15 మిల్లీలీటర్లలో 780 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, నీళ్లలో బాగా కలపకుండా తాగితే కడుపులో మంట, వాంతి. వీటిని బీపీ తగ్గించడానికి కాదు, రక్తంలో పొటాషియం అంకె (లీటరుకు మిల్లీమోల్స్‌లో) 3.5 కన్నా కిందికి పడిపోయినప్పుడు డాక్టర్లు రాస్తారు. క్లోర్తాలిడోన్, హైడ్రోక్లోరోథయాజైడ్, ఫ్యూరోసెమైడ్ లాంటి నీరు లాగే మందులు వాడేవాళ్లలో అలా పడిపోతుంది. పక్కింటాయనకు రాసిన సిరప్పు మనకు పనికిరాదు.

తక్కువ సోడియం ఉప్పు మాత్రం తేలిగ్గా తీసిపారేసేది కాదు. చైనాలో 600 పల్లెల్లో, దాదాపు 21,000 మందిపై ఐదేళ్లకు దగ్గరగా పరీక్షించారు. అందరూ పక్షవాతం వచ్చినవాళ్లో, బీపీ ఉన్న వృద్ధులో. 75 పాళ్లు మామూలు ఉప్పు, 25 పాళ్లు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో తేలింది. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లను ఆ పరీక్షలో చేర్చుకోలేదు. ఆ పాళ్లలో 5 గ్రాముల ఉప్పు, అంటే తలగొట్టిన ఒక చెంచా, 650 మిల్లీగ్రాముల పొటాషియం ఇస్తుంది. ఇక్కడి ప్యాకెట్లలో పాళ్లు వేరు, 15 శాతమే ఉండేవీ ఉన్నాయి. వెనకవైపు పట్టీలో పొటాషియం క్లోరైడ్ అన్న మాట వెతకండి. సైంధవ లవణం దీనికి బదులు కాదు, అది దాదాపు అంతా సోడియం క్లోరైడే.

ఈ ఉప్పుతో రెండు తప్పులు జరుగుతాయి. కాస్త చేదు తగులుతుందని ఇంకో చిటికెడు వేస్తారు, లాభం పోతుంది. రెండోది పెద్దది: ఉమ్మడి వంటింట్లో ఉప్పు డబ్బా ఒక్కటే. కొడుకు బీపీ కోసం డబ్బా మారిస్తే, కిడ్నీ జబ్బున్న నాన్నమ్మ కూడా ఆ పప్పే తింటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఈ ఉప్పును సూచిస్తూనే గర్భిణులను, పిల్లలను, కిడ్నీ జబ్బున్నవాళ్లను మినహాయించింది.

కిడ్నీలు బాగున్నవాళ్లకు మా ఓటు పళ్లేనికే. మూడు పూటలా అన్నమే అయితే లెక్క ఎప్పటికీ పూడదు, బియ్యంలో పొటాషియం బహు తక్కువ. 100 గ్రాముల తోటకూర 600 మిల్లీగ్రాములు, 50 గ్రాముల పెసలు మరో 600, గిన్నెడు పెరుగు 300, ఒక అరటిపండు 350, 50 గ్రాముల చోడి (రాగి) పిండి జావ 200: అప్పుడే 2,000 దాటింది. రాయగడ, కొరాపుట్ వైపు మండియా (చోడి) జావ తాగే అలవాటు ఎలాగూ ఉంది. ఒడియా ఇళ్ల దాల్మా కూడా ఇందుకు దివ్యమైన వంట: అరటికాయ, గుమ్మడి, మునక్కాడ పప్పుతోపాటే ఉడుకుతాయి, నీళ్లు పారబొయ్యరు కాబట్టి పొటాషియం గిన్నెలోనే ఉంటుంది. అయితే చద్దన్నంలో ఉప్పు, పక్కన ఎండుచేప, అప్పడం, ఆవకాయ అలాగే కొనసాగితే ఈ కూరంతా దండగ.

కిడ్నీ జబ్బున్నవాళ్లు సరిగ్గా దీనికి తలకిందులుగా చెయ్యాలి. కూరగాయలను చిన్నముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబొయ్యాలి. కొబ్బరినీళ్లు మానాలి.

మరో మెలిక బీపీ మాత్రల్లోనే ఉంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ పొటాషియాన్ని ఒంట్లోనే పట్టి ఉంచుతాయి. వీటికి మోకాళ్ల నొప్పులకు కొనుక్కునే డైక్లోఫెనాక్ తోడైతే మరింత పెరుగుతుంది. ఇవి వాడుతున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఆ ఉప్పు గానీ, మాత్ర గానీ మొదలుపెట్టకూడదు. అడిగి మొదలుపెట్టినా ఒకటి రెండు వారాల్లో మళ్లీ రక్తం చూపించుకోవాలి. ఆమ్లోడిపిన్‌తో ఈ పేచీ లేదు.

రిపోర్టులో పొటాషియం 5.5 దాటి కనిపిస్తే కంగారుపడేముందు నమూనా సంగతి అడగండి. రక్తం తీసేటప్పుడు చేతికి పట్టీ గట్టిగా కట్టి, పిడికిలి పదేపదే బిగించమన్నా, ట్యూబులో రక్తకణాలు పగిలినా అంకె ఊరికే పెరుగుతుంది, మళ్లీ తీయించాలి. 6 దాటితే మాత్రం ఒంట్లో ఏ బాధా లేకపోయినా ఆ రోజే ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లాలి. వాడే మందుల చీటీలన్నీ, ఉప్పు ప్యాకెట్టుతో సహా, వెంట తీసుకెళ్లండి.